చీర కట్టిన యూకలిప్టస్

కోవిడ్ ఆంక్షలు సడలిన మరుసటి ఏడాది నన్ను కౌలాలంపూర్‌లోని ఒక వృక్షశాస్త్ర ఉద్యానవనంలో విదేశీ చెట్ల విభాగానికి క్యూరేటర్‌గా వేశారు. క్యూరేటర్ అంటే వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, పని మాత్రం ఆయా పనే. ఏ మొక్కకు దాహమేసింది, ఏ మొక్కకు పేనుబంక పట్టింది, ఏ మొక్కకు ఎండ చాల్లేదు అని రోజంతా చూసుకోవడం. అప్పటికి రిటైర్మెంటు దగ్గర పడింది. ఆ వయసులో నేనొక చెట్టుకు సీమంతం చేయించానంటే మా మనవరాలు ఇప్పటికీ నమ్మదు.

ఆ చెట్టు యూకలిప్టస్ రొడాంతా. మనవాళ్లకు యూకలిప్టస్ అనగానే జలుబుకు ఆవిరి పట్టే నీలగిరి తైలం గుర్తొస్తుంది, ఎక్కడ నాటినా ఆకాశానికి ఎగబాకే మొండి చెట్టు గుర్తొస్తుంది. ఇది ఆ వంశంలో పుట్టిన సుకుమారి. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక చిన్న ప్రాంతం దాటితే ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను మొలవదు. మనిషి కంటే కాస్త ఎత్తు పొద, తొడిమ లేని వెండి రంగు ఆకులు. సాయంత్రమైతే కుండపోతగా కురిసే మా ఊళ్లో దాన్ని బతికించాలంటే పైన వెలుతురు దిగే కప్పు, కింద ఎత్తుగా పోసిన ఇసుక మడి కావాలి. పుట్టినచోట చెట్లు తగ్గిపోయినా విత్తనం మిగలాలని ఇలాంటివాటిని దూరదేశాల్లో పెంచుతారు. మా దగ్గర వేసినవాటిలో బతికింది ఇదొక్కటే.

దానికని వేసిన ఆ షెడ్డు మీద ఆర్కిడ్ విభాగాధిపతి టాన్ కన్ను పడింది. మా డైరెక్టర్ పువాన్ రొహానా, అంటే మలయ్‌లో రొహానా అమ్మగారు, న్యాయంగానే తేల్చారు. నేను రిటైరయ్యేలోగా చెట్టు పూసి కాయ నిలిస్తే ఉంచుదాం, లేకపోతే తీసేసి షెడ్డు ఆర్కిడ్లకు ఇద్దాం అన్నారు.

ఒకరోజు పొద్దున్నే నూకమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె మా నర్సరీ పనివాళ్లకు పైమనిషి. ఇద్దరం ఇక్కడే మలేసియాలో, మన తెలుగువాళ్లు కూలికి వచ్చి స్థిరపడ్డ బాగన్ దాతుక్ కొబ్బరి ఎస్టేటులో పుట్టినవాళ్లమే. నాకంటే పెద్దది, పక్కన ఎవరూ లేకపోతే తమ్ముడూ అని పిలుస్తుంది, ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తుంది.

"తమ్ముడూ, సూసినావా? మన పిల్ల నీల్లోసుకుంది లా!"

నిజమే. కొమ్మల నిండా మొనదేలిన టోపీలు పెట్టుకున్న మొగ్గలు! యూకలిప్టస్ పువ్వుకు రేకులుండవు. మొగ్గ మీది టోపీ రాలిపడగానే లోపలి కేసరాలు గుత్తిగా విచ్చుకుంటాయి. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. డైరెక్టర్‌కు చెబుదామని ఫోను తీస్తే నూకమ్మ లాగేసుకుంది.

"నీకు మతుందేటి? ఇప్పుడే బయటికి సెప్పేస్తారేటి ఎవులైనా? ఆ ఆర్కిడ్ల టాన్ కల్లు మంచివి కావు."

వృక్షశాస్త్రంలో డిగ్రీ ఉన్నవాణ్ణి, నోరు మూసుకున్నాను. పట్టరాని సంతోషంలో ఉన్నవాడికి బుర్ర పనిచేయదు. మర్నాడు నూకమ్మ ఎర్ర చీర, గాజులు, డబ్బా నిండా పులిహోర తెచ్చింది. నర్సరీ ఆడవాళ్లంతా చేరి పొదకు చీర చుట్టి, కొమ్మలకు గాజులు తొడిగి, పాట కూడా పాడారు. నిచ్చెన పట్టుకున్నది నేనే, పులిహోర ఎక్కువ తిన్నదీ నేనే.

టోపీలు రాలాయి. చీర సందులోంచి చూస్తే ఎర్రెర్రని పూలు, కేసరాల కొసన పసుపు పుప్పొడి. రోజూ పొద్దున్నే దొంగల్లా తొంగి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం.

తరవాత మొదట పూసినవి రాలడం మొదలైంది. తీసి చూస్తే ఒక్కదానికీ అడుగున కాయ ఉబ్బలేదు.  అప్పుడు కనబడింది, చీర ముడి మీద వాలి బట్టను ముక్కుతో పొడుస్తున్న తేనెపిట్ట. పుట్టిన దేశంలో ఈ పూలకు పుప్పొడి మోసేవి పిట్టలే. ఇక్కడ ఆ పనికి వచ్చినదాని మొహాన మేం తలుపేశాం. దిష్టికని కట్టిన చీర పిట్టకు అడ్డమైంది.

సరిగ్గా అప్పుడే షెడ్డు కొలవడానికి పువాన్ రొహానా, టాన్ వచ్చారు. చీర కట్టుకుని గాజులేసుకున్న చెట్టును చూసి ఇద్దరూ దగ్గరికి నడిచారు. నూకమ్మ చేతులు బార్లా చాపి అడ్డం నిలబడింది.

"ముట్టుకోకండి లా! కడుపుతో ఉంది!" అని మలయ్‌లో అరిచింది.

నేను తల వంచుకుని అంతా చెప్పాను. పువాన్ రొహానా నవ్వీ నవ్వీ ఇసుక మడి గట్టు మీద కూలబడ్డారు. తమ మలయ్‌వాళ్లూ ఏడో నెలలో కడుపు కింద బట్టలు పరిచి ఊపుతారని, చెట్టుకు చేస్తారని మాత్రం ఎన్నడూ వినలేదని అన్నారు. టాన్ నవ్వలేదు. చీర విప్పమని చెప్పి, జేబులోంచి సన్నని కుంచె తీశాడు. ఆర్కిడ్లకు పిట్టల్నీ పురుగుల్నీ నమ్ముకోరు. వాళ్ల విభాగంలో పరాగ సంపర్కమంతా చేత్తోనే.

ఈ పూలలో పుప్పొడి ముందు సిద్ధమవుతుంది. పుప్పొడిని అందుకునే నడిమి కీలం కొస జిగురెక్కేది కొన్ని రోజులకు. అందుకని కొత్త పువ్వు పుప్పొడిని పాత పువ్వుకు అద్దాలి. డైరెక్టర్ కొమ్మ వంచారు, నేను జిగురెక్కినవాటిని చూపించాను, టాన్ అద్దాడు. నూకమ్మ అతని నెత్తిన ఎండ పడకుండా గొడుగు పట్టింది. పక్కనే తీసిపారేసిన గాజులు. ఆ వారమంతా మేం పనిచేశామో, పేరంటానికి వెళ్లామో చెప్పలేను.

మిగిలిన కొద్ది పూలలో కాయలు నిలిచాయి. షెడ్డు అడగడం టాన్ తనే మానేశాడు. నేను రిటైరయ్యాక ఆ విత్తనం మొలిచింది.

మొగ్గ తొడిగిన రోజే టాన్‌కు చెప్పి ఉంటే ప్రతి కొమ్మకూ కాయ ఉండేది. సాటి ఉద్యోగి కళ్లు చెడ్డవని అనుకునే ముందు, అతని చేతులకు ఏ పని వచ్చో కనుక్కోవాలి.