ఆపే బటన్

మొన్న గురజాలలో ఒక ఫ్లెక్సీ షాపు సిబ్బందికి కొత్త ప్రింటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్పడానికి వెళ్లాను. తలుపు తీయగానే ఇంకు వాసన గుప్పుమంది. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నా ఆ వాసన ఇప్పటికీ నన్ను నా మొదటి షాపుకే తీసుకెళ్తుంది. వెంటనే మస్తాన్ బాబాయ్ గుర్తొస్తాడు.

నేను డిజైనర్‌గా చేరిన నరసరావుపేట షాపులో మెషీన్ చూసేది ఆయనే. అంతకు ముందు గోడల మీద, బోర్డుల మీద అక్షరాలు రాసిన పెయింటర్. ఓనరు కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చి, వారంలో ఆయనకు నేర్పే పని నాకు అప్పజెప్పాడు. "సోమవారం నేనే నిలబడి చూస్తా. పని రాకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటా" అన్నాడు, బాబాయ్ వింటుండగానే. యాభై దాటిన మనిషికి మళ్లీ పని ఎవరిస్తారు?

ఫైళ్లు వరుసలో పెట్టడం, రెండు బ్యానర్లను ఒకే రోల్ మీద పక్కపక్కన సర్దడం, ఏది చూపించినా ఆయనది ఒకటే మాట. "ముందు ఆపేది యాడుందో చెప్పమ్మాయ్."

"మొదలుపెట్టడమే రాకుండా ఆపడం ఏంది బాబాయ్?" అని ఒకరోజు విసుక్కున్నాను.

"బ్రష్ అయితే నా చేతిలో ఉంటది. తప్పు పడితే గుడ్డతో తుడుస్తా. ఇది నా చేతిలో లేదు గదా. చానా భయంగా ఉంది."

నాకు సిగ్గేసింది. తెర మూలనున్న ఎర్ర బటన్ చూపించాను. దాన్ని రోజూ పదిసార్లు వెతికి పట్టుకునేవాడు.

సోమవారం వచ్చిన పని ఒక శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. పోయిన మనిషి ఫోటో పెద్దగా, దండతో. కింద 'ఇట్లు' అన్నచోట కట్టించే తమ్ముడిది చిన్నగా. నేను హడావిడిగా డిజైన్ చేసి ఇచ్చాను. వెనక ఓనరు నిలబడి ఉండగా బాబాయ్ ప్రింట్ ఇచ్చాడు. దండలో ముఖం సగం దిగిందో లేదో, ఎర్ర బటన్ నొక్కేశాడు.

"ఎందుకాపావయ్యా?"

"ఈయన బతికే ఉన్నాడు సార్. పొద్దున ఆర్డరిచ్చి వెళ్లింది ఈయనే. పోయింది వాళ్లన్న."

"మరి చూసుకోకుండా ఎట్లా పంపావు? ఇందుకేనా వారం నేర్చుకుంది?"

బాబాయ్ తల వంచుకున్నాడు. నా పేరు ఎత్తలేదు. నా ఉద్యోగం పోతుందన్న భయంతో కాసేపు నాకు నోరు పెగల్లేదు. ఆ కాసేపటిని తలుచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే కోపం. చివరికి అన్నాను, "ఫోటోలు తారుమారు చేసింది నేను సార్."

ఓనరు దండలోని ఆ సగం ముఖాన్ని చాలాసేపు చూశాడు. "ఇక మీదట మస్తాన్ చూడందే ఏదీ మెషీన్ ఎక్కకూడదు" అని వెళ్లిపోయాడు.

నిరుడు బాబాయ్ పోయాడు. నరసరావుపేట షాపు ముందు కట్టే ఫ్లెక్సీ నేనే చేస్తానని వెళ్లాను. దండ లేకుండా, నవ్వుతున్న ఫోటో పెట్టాను. పేరు పైకే రెండుసార్లు చదివాను. ప్రింట్ ఇచ్చి ఎర్ర బటన్ దగ్గరే వేలు పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడో ఒక తప్పు కనబడితే బాగుండు, ఆపేద్దామనుకున్నాను. కనబడలేదు. ముఖం మొత్తం దిగింది.

గురజాలలో మొన్న ఆపరేటరు అమ్మాయి అడిగింది, "మొదట ఏం నేర్చుకోవాలి మేడమ్?"

ఆమె వేలు పట్టుకుని ఎర్ర బటన్ దగ్గరికి తీసుకెళ్లాను.