దర్వాజలో పట్టని బతుకమ్మ

కాశిబుగ్గలో మా ఇంటి దర్వాజ ఎంత వెడల్పో వాడకట్టు మొత్తానికీ తెలుసు. ఒక ఏడు నేను ఇంట్లో కూర్చుని పేర్చిన బతుకమ్మ అందులోంచి బయటికి రాలేదు.

ఆ ఏడు నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. కుట్టు మిషన్ ముందు కూర్చుంటే లేవబుద్ధి అయ్యేది కాదు. నిద్రపోకపోయినా కళ్ళు మండేవి కావు. వాకిట్లో పోయేవాళ్ళను పిలిచి ముచ్చట పెట్టేదాన్ని, వాళ్ళు జవాబు చెప్పేలోపే ఇంకో ముచ్చట ఎత్తుకునేదాన్ని. సద్దుల బతుకమ్మ రోజుకి ఇంటి దగ్గరి మట్టెవాడ బజార్లో అమ్మే పూలు నా కంటికి ఆనలేదు. ముందురోజు పొద్దున్నే ఆటో మాట్లాడుకుని వంద కిలోమీటర్ల దూరంలోని ఏటూరునాగారం దాకా పోయి, తంగేడు, గునుగు ఆటో నిండా కుక్కి తెచ్చాను. వెనక నాకే చోటు లేక డ్రైవర్ పక్కన ఇరుక్కుని, ఇల్లు చేరేదాకా పాడుతూనే ఉన్నాను. పాపం, ఆయన చెవులు ఏమైపోయాయో.

వాకిట్లో గాలికి పూలు కదులుతున్నాయని బతుకమ్మను ఇంట్లోనే పేర్చాను. ఇంట్లో తాంబాళం చాలక పెళ్ళిళ్ళకు వాడే పెద్ద తాంబాళం అద్దెకు తెచ్చాను. వరుస మీద వరుస పెడుతూనే ఉన్నాను. మా అత్తమ్మకు గర్వం పట్టలేదు. వాడలో ఆడవాళ్ళందరినీ పిలుచుకొచ్చి, "మా కోడలి చేతుల గౌరమ్మే కూసున్నది" అని చూపించింది.

సాయంత్రం నలుగురు పట్టి లేపారు. దర్వాజ దగ్గర ఆగిపోయారు. అడ్డం తిప్పారు, ఏటవాలుగా వంచారు. పైన పెట్టిన పసుపు గౌరమ్మ జారి మా ఆయన భుజం మీద పడింది. "కింది వరుసలు జర తీసేద్దామా?" అన్నాడాయన. నేను పెరట్లోకి పోయి గడ్డపార పట్టుకొచ్చాను.

"పూలు ముట్టుకుంటే మర్యాద దక్కది. గోడ పగలగొట్టుండ్రి!"

అందరూ పడీపడీ నవ్వారు. నేను పరాచికమాడుతున్నానని వాళ్ళనుకున్నారు. చివరికి నా చేతిలోంచి గడ్డపార లాక్కుని, బతుకమ్మను సగం విప్పి బయటికి తీసుకుపోయారు. నేను వాడకట్టు మొత్తంతో కొట్లాడాను.

దీపావళి దాటేసరికి ఆ హుషారంతా ఎటు పోయిందో పోయింది. గోడవైపు తిరిగి పడుకుంటే లేవలేకపోయేదాన్ని. స్నానం చేయడం కొండెక్కినంత పనయ్యేది. కుట్టాల్సిన జాకెట్లు మూటలోనే ఉండిపోయాయి. దిష్టి తగిలిందని అత్తమ్మ మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గింది కానీ నేను లేవలేదు. బతకడం ఎందుకనిపించేది. ఆ మాట ఒకరోజు నోరు జారి అనేసరికి మా ఆయన ఇంకేమీ ఆలోచించకుండా నన్ను మనసు డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాడు. అత్తమ్మ కూడా బయలుదేరింది.

డాక్టరమ్మ ఏమడిగినా నా నోట మాట రాలేదు. డిప్రెషన్ అనుకుని ఆమె మందులు రాయబోతోంది. కోడలి పరువు పోతోందని అత్తమ్మకు ఉక్రోషం వచ్చింది.

"మా కోడలు గిట్ల పండుకునే మనిషి కాదు డాక్టరమ్మా! మొన్న బతుకమ్మకు చూడాలె మీరు. నిద్ర లేదు, తిండి లేదు, ఏటూరునాగారం పోయి పూలు తెచ్చింది. దర్వాజల పట్టలే! గోడ పగలగొడతనని గడ్డపార తెచ్చింది. మల్ల గట్ల హుషారుగ చేయుండ్రి, చాలు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ఆ హుషారు గురించి ఇంకా చెప్పు అమ్మా" అంది.

అత్తమ్మ పొంగిపోయి ఒక్కటీ దాచకుండా చెప్పింది. తను కోడలిని పొగుడుతున్నాననుకుంది కానీ నా జబ్బేమిటో పట్టిచ్చింది ఆ పొగడ్తే. అంతా విన్నాక డాక్టరమ్మ మెల్లగా చెప్పింది: ఆ హుషారూ ఈ పడకా ఒకే జబ్బుకు రెండు ముఖాలు, దాని పేరు బైపోలార్. ఉత్త దిగులుకు మందిస్తే మళ్ళీ ఆ హుషారు వైపు తోసేయవచ్చు, అందుకే రెండువైపులా పట్టి ఉంచే లిథియం వేసుకోవాలి. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించాలి, నీళ్ళు బాగా తాగాలి, వేళకు పడుకోవాలి. బాగైపోయిందని సొంతంగా మందు ఆపకూడదు.

అత్తమ్మ ముఖం చిన్నబోయింది. "అంటె, గా బతుకమ్మ రోగమా?"

"బతుకమ్మ రోగం ఎట్లయితదమ్మా? ఆగలేకపోవుడు రోగం. ఎన్ని వరుసలైనా పేర్చనియ్యి. చాలు అనేది లోపల నుంచి రావాలె. అది రాకపోతే నా దగ్గరికి పట్టుకరా."

మందు ఒక్కరోజులో పనిచేయలేదు. మొదట్లో చెయ్యి వణికి సూదిలో దారం ఎక్కేది కాదు. డాక్టరమ్మ మోతాదు సరిచేశాక వణుకు తగ్గింది. వేసవి వచ్చేసరికి నా మిషన్ మళ్ళీ తిరిగింది.

అసలు తంటా అప్పుడు మొదలైంది. టీవీ చూసి నవ్వితే అత్తమ్మ, "గోలి మింగినవా?" కూర బాగుందని మా ఆయన్ని పొగిడితే, "గోలి మింగినవా?" కొత్త చీర కడితే తల్లీకొడుకులు ముఖాలు చూసుకునేవాళ్ళు. ఒళ్ళు మండేది. జబ్బును మందుతో పట్టి ఉంచాను కానీ నా సంతోషాన్ని ఇంట్లోవాళ్ళు జప్తు చేశారు. మరుసటి ఏడు పండగకు బజార్లో కట్టి అమ్మే చిన్న బతుకమ్మను తెచ్చి నా చేతిలో పెట్టారు. కప్పులో ఇడ్లీ బోర్లించినంత ఉంది. దాన్ని పట్టుకుని వాడంతా తిరిగాను, ఏడుపు మింగుకుని.

ఈ ఏడు డాక్టరమ్మ ముందే అడిగేశాను, ఇద్దరూ వింటుండగా. "నేను పేర్చుకోవచ్చా, లేదా?"

"పేర్చు. మీరిద్దరు ఆమె నవ్వును కాదు, నిద్రను చూడుండ్రి" అంది.

అత్తమ్మ నా టేపు తీసుకుని ముందు దర్వాజ కొలిచింది. తంగేడు మట్టెవాడలోనే కొన్నాం. గుమ్మడాకులు పరిచి, గునుగుకు రంగులద్ది, ఎందుకైనా మంచిదని ముగ్గురం దర్వాజ బయట వాకిట్లోనే కూర్చున్నాం. మెల్లగా పేరుస్తుంటే చేతులకు పాత రుచి తెలిసింది. నాకు చాలా సంతోషంగా ఉంది, ముందురాత్రి కమ్మగా నిద్రపోయాను కూడా.

ఇంతలో అత్తమ్మ పక్కింటి వాకిట్లోకి తొంగిచూసింది. "వాళ్ళది మనదాని కంటె పొడుగున్నదే! ఇంకో రెండు వరుసలు పెట్టు. బంతిపూలు ఇటియ్యిరా!" ఆమె ముఖం ఎర్రబడింది, కొంగు బిగించింది. మా ఆయన బంతిపూల బుట్టతో పరుగెత్తుకొచ్చాడు.

నేను గౌరమ్మను శిఖరం మీద పెట్టేశాను. "చాలు అత్తమ్మా."

పూలు పట్టుకున్న ఆమె చెయ్యి ఆగిపోయింది. నా ముఖంలోకి చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మల్లొక్కసారి అను బిడ్డా."

"చాలు అంటున్న. లోపల నుంచే వచ్చింది, బయటికి తెలుస్తలేదా?"

అంటూ పగలబడి నవ్వాను. వాడంతా వినబడేలా నవ్వాను. గోలి మింగినవా అని ఎవరూ అడగలేదు.