ఉయ్యాలకు కట్టిన డైనోసార్ గోరు

నేను కృతజ్ఞత తెలుపవలసినవారిలో ఒకరు కోట్ల ఏళ్ళ కిందటే మరణించిన జంతువు. మిగిలినవారినైనా సకాలంలో స్మరించకపోవడం క్రమశిక్షణ కాదు గనుక ఈ ఉదంతం రాసిపెడుతున్నాను. ఆ రోజుల్లో ఉపాధ్యాయుడంటే ఇస్త్రీ చొక్కా, సమయపాలన, సందేహమెరుగని కంఠం అని నా నిశ్చితాభిప్రాయం. (ఇప్పుడు చొక్కా ఒక్కటే మిగిలింది.)

భావనపాడు బడిలో చేరిన కొత్తలో, పిల్లలకు చూపించడానికి విశాఖలోని మా గురువుగారి ద్వారా వారి కళాశాల నుంచి ఒక డైనోసార్ గోరు నమూనా తెచ్చాను. జానెడుకు మించిన పొడవు, కొడవలి వంపు, ప్లాస్టరు పోత. పూచీ గురువుగారిది. సోమవారం ఉదయం అది వారి చేతికి చేరకపోతే మాట పడేది ఆయన. శనివారం పాఠం ముగించి, దానిని నా గదికి తెచ్చి బల్లమీద ఉంచి స్నానానికి వెళ్ళి వచ్చేసరికి గోరు లేదు.

నేను అద్దెకున్న ఇంటి వసారాలో, యజమాని మనవడి ఉయ్యాలకు అది వేలాడుతోంది. యజమాని పడవ నడిపే సరంగు. పసివాళ్ళు నిద్రలో ఉలిక్కిపడకుండా పులిగోరు కట్టడం ఆ ఇంటి ఆచారం. కొన్నాళ్ళుగా ఏడ్చి వాడనంతా మేలుకొలుపుతున్న ఆ పసివాడు గోరు కింద హాయిగా నిద్రపోతున్నాడు. ఇది పులిది కాదని సరంగు తల్లికి (ఊరందరికీ ఆమె అప్పమ్మ) సవినయంగా విన్నవించాను.

"పులిగోరు ఇంతుంటాదేటి మేస్టారూ? ఇది పులి తాతది. గుంటడు ఇప్పుడే తొంగున్నాడు, మెల్లిగా మాటాడండి."

శాస్త్రజ్ఞానం వల్ల భ్రమ తొలగుతుందని నమ్మి, గుసగుసగా పాఠం చెప్పాను: ఇది అచ్చు మాత్రమే, తడిస్తే పాడవుతుంది, అసలు గోరు ఇంగ్లండులో ఒక మట్టిగోతిలో దొరికింది, ఆ జంతువుది మొసలి మూతి, నది ఒడ్డున ఈ గోటితో చేపలు పట్టి ఉంటుంది, పొట్ట ఉండిన చోట చేప పొలుసులు కనిపించాయి. మూల కూర్చుని వల బాగుచేస్తున్న సరంగు చేయి ఆగిపోయింది.

"సేపలు పట్టినోడా? మరి ముందే సెప్పరేటి. మనోడే కదా."

నా పాఠం అంతగా ఫలించిన సందర్భం మరొకటి లేదు. ఆదివారం తెల్లవారగానే గోరు పసుపు కుంకుమలతో పడవెక్కింది. అది లేక ఉలికిపడి లేచిన పిల్లవాడిని ఊపే బాధ్యత, న్యాయంగానే, అప్పమ్మ నాకు అప్పగించింది. ఇస్త్రీ చొక్కాతో ఉయ్యాల ఊపుతూ, కెరటం చప్పుడు వినిపించినప్పుడల్లా గురువుగారి ముఖాన్ని తలుచుకున్నాను. మధ్యాహ్నం పడవ వచ్చింది. చేపలు ఎప్పటిలాగే పడ్డాయి. గోరు మాత్రం సరంగు పొడి చొక్కాలో భద్రంగా చుట్టి ఉంది. అతను ఒళ్ళంతా తడిసి, చొక్కా లేకుండా దిగాడు.

"మీవోడు నదిలో బతికినోడు మేస్టారూ, సముద్రం కొత్త. ఆడిని ఏటీ అనకండి."

సోమవారం గురువుగారు గోటికంటిన పసుపును చాలాసేపు చూశారు. నేను సంజాయిషీ మొదలుపెట్టగానే వారించి, తుడవకుండానే అద్దాల పెట్టెలో పెట్టారు. అప్పమ్మ పంపిన ఎండుచేపల పొట్లం మాత్రం ఇంటికి తీసుకువెళ్ళారు.

ఆ పసివాడికి ఇప్పుడు సొంత పడవ, ఒక కొడుకు ఉన్నారు. మొన్న ఫోను చేశాడు: "గుంటడు తొంగోడం నేదు మేస్టారూ. గోరు ఎలాగూ దొరకదు, మీరొత్తారేటి?" ఇస్త్రీ చేయించిన చొక్కా తొడుక్కొని బయలుదేరుతున్నాను. ఆ జంతువును గురించి నేను చెప్పినదాంట్లో దోషాలుంటే విజ్ఞులు దిద్దగోరుతాను. తిరిగి రాగానే సవరించుకుంటాను.