మాస్కో ఫోనుకు లలితకుమారి తర్జుమా

లలితకుమారి గారు సింగపూరు పాయా లేబర్‌లోని ఒక చిన్న కార్యాలయంలో రష్యన్ పేటెంట్ పత్రాలను ఇంగ్లీషులోకి తర్జుమా చేస్తారు. వయసు యాభై ఎనిమిది. రష్యన్ ఆమె మోజుపడి నేర్చుకున్న భాష కాదు. విశాఖపట్నంలో రసాయనశాస్త్రం చదువు ముగిసేనాటికి అక్కడి ఉక్కు కర్మాగారానికి సోవియట్ యంత్రాలతోపాటు పెట్టెలకొద్దీ రష్యన్ సాంకేతిక గ్రంథాలు వచ్చి ఉన్నాయి. వాటిని చదవగలిగినవాళ్ళు తక్కువ. సాయంత్రం తరగతుల్లో భాష నేర్చుకుని ఆ పనిలో కుదిరారు. తర్వాత ఓడల ఇంజినీరు రామారావుతో పెళ్ళయి సింగపూరు వచ్చారు. అప్పటినుంచీ టాంపినీస్‌లోనే కాపురం. ఆలస్యంగా పుట్టిన ఒక్క కొడుకు ప్రణవ్.

పనిలో ఆమెకు ఒక పట్టింపు ఉంది. ఒకసారి ఒక రంగు తయారీ విధానంలో ఎనభై డిగ్రీలని ఉండవలసిన చోట ఎనిమిది వందలని అచ్చయింది. ఆ వేడికి ఆ పదార్థం మిగలదని రసాయనం చదివిన ఆమెకు తెలుసు. అయినా తర్జుమాలో ఎనిమిది వందలనే రాసి, పుట అడుగున తన అనుమానాన్ని వేరుగా రాశారు. ఉన్నదాన్ని సరిదిద్దే హక్కు తనకు లేదనీ, తనకు తెలిసినదాన్ని దాచే హక్కూ లేదనీ ఆమె ఉద్దేశం. దీనివల్ల ఇంట్లో ఆమెకు మొండిమనిషి అన్న పేరు వచ్చింది.

2025 జూలైలో రామారావు అక్కగారి అబ్బాయి లోహిత్ వాళ్ళ ఫ్లాట్‌లో దిగాడు. ఊరు గాజువాక, మెకానికల్ డిప్లొమా, ఇరవై నాలుగేళ్ళు. సందర్శకుడి పాస్‌పై వచ్చి ఉద్యోగం వెతుక్కున్నాడు, దొరకలేదు. పాస్ గడువు ముగియవస్తుండగా దుబాయిలో ఉన్న ఒక ఏజెంటు ఫోన్‌లో పరిచయమయ్యాడు. రష్యా సైన్యానికి సామాన్ల గిడ్డంగిలో సహాయకులు కావాలనీ, ఏడాది పని చేస్తే చాలనీ చెప్పాడు.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆ మాట బయటపడింది.

"హెల్పర్ పనే అత్తయ్యా. తుపాకీ ముట్టుకోనక్కర్లేదంట. బాగా చేస్తే ఆరు నెల్లకే ఆఫీసర్‌ని చేసీస్తారంట" అన్నాడు లోహిత్.

"వన్ ఇయర్ ఓన్లీ కదా బావా. నేను టూ ఇయర్స్ చేశాను. ఓ.ఆర్.డి. డేట్ వస్తే ఫినిష్ లా, గేట్ దాటి ఇంటికి వచ్చేస్తావ్" అన్నాడు ప్రణవ్. అతను ఆ మధ్యనే సింగపూరు జాతీయ సేవ ముగించుకుని, సార్జెంటుగా బయటికి వచ్చాడు. ఓ.ఆర్.డి. అంటే ఆ సేవ ముగిసే తేదీ. చేరిననాడే తెలుస్తుంది, ప్రతి కుర్రవాడూ దానికోసమే ఎదురుచూస్తాడు.

"నువ్వు చేసినది వేరు, ఇది వేరు" అన్నారు లలితకుమారి.

ఆమె వాదించలేదు, రష్యన్ చట్టంలో తాను చదివినది విడమర్చి చెప్పారు. రష్యాలో సైన్యంలోకి వెళ్ళడానికి ముఖ్యంగా రెండు దారులు. ఒకటి నిర్బంధ సేవ. పద్దెనిమిదికీ ముప్ఫైకీ మధ్య వయసున్న మగ పౌరులను వసంతంలో ఒకసారి, శరదృతువులో ఒకసారి పిలుస్తారు; ఏడాదికి అది ముగుస్తుంది. రెండవది ఒప్పందం. విదేశీయుణ్ణి నిర్బంధంగా పిలవరు గనుక, అతనికి ఉన్నది ఒప్పందపు దారి ఒక్కటే. దానిపై ఏడాది అని రాసి ఉన్నా, యుద్ధం కోసం 2022 సెప్టెంబరులో వచ్చిన సైనిక సమీకరణ ఉత్తర్వు అమలులో ఉన్నంతకాలం ఆ గడువు దానంతటదే ముగియదు. హోదాల సంగతీ అంతే. అన్నిటికంటే కిందివాడు రియదవోయ్, సాదా సైనికుడు. అతని భుజపట్టీపై ఏ గుర్తూ ఉండదు. తర్వాత ఒక అడ్డగీతతో ఎఫ్రేయితర్, ఆపైన మూడు తరగతుల సార్జెంట్లు, వారి మీద స్తర్షినా. విదేశీయుడికి చట్టం అక్కడితో ఆపింది. నక్షత్రాలు మొదలయ్యేది ఆ పైన; అధికారులు లెఫ్టినెంటు నుంచి.

"చట్టంలో అలాగే ఉంటాది అత్తయ్యా. మనకి చెప్పేది గిడ్డంగి పని. నాలుగింటికి మాస్కో ఆఫీసుతో వీడియో కాల్ పెట్టిస్తానన్నాడు, మీరే చూడండి" అన్నాడు లోహిత్.

అతను చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు గాజువాకనుంచి అతని తల్లి ఉమ ఫోన్ చేసింది.

"లలితా, నువ్వు ఏం చెప్పినా వాడు నమ్ముతాడు. ఏదో ఒక అబద్ధం చెప్పి ఆపీ తల్లీ. నీకు పుణ్యం ఉంటాది."

"అబద్ధం చెప్తే ఇవాళ ఆగుతాడు వదినా. అది అబద్ధమని తెలిసిన రోజున వెళ్ళిపోతాడు. కాల్ వస్తుంది కదా, పక్కన కూర్చుంటాను."

నాలుగు గంటలకు, మాస్కోలో పగలు పదకొండుకు, ఫోన్ మోగింది. తెర ఒక సగంలో దుబాయి ఏజెంటు, రెండో సగంలో మాస్కో కార్యాలయంలో కూర్చున్న నడివయసు రష్యన్ స్త్రీ. పక్కన ఉన్న పెద్దావిడ తన మేనమామ భార్య అని లోహిత్ చెప్పగానే ఏజెంటు, "నమస్తే ఆంటీ, మీరు బేఫికర్‌గా ఉండండి" అన్నాడు. ఆమెకు రష్యన్ వచ్చునని అతనికి తెలియదు.

"ఏడాదికి నన్ను ఇంటికి పంపేస్తారా? మేడంని అడగండి" అన్నాడు లోహిత్.

ఏజెంటు స్త్రీవైపు తిరిగి రష్యన్‌లో, "కుర్రాడు ఆరోగ్యంగా ఉన్నాడు. వీణ్ణి ఏ పనిలో రాసుకుంటారు?" అని అడిగాడు.

"స్త్రెలోక్" అందామె. అంటే తుపాకీ కాల్చేవాడు.

ఏజెంటు తెలుగులోకి వచ్చాడు. "పక్కా అంటున్నారు భయ్యా. ఏడాది కాగానే టికెట్ వాళ్ళే ఇస్తారు. పని గోడౌన్‌లోనే."

లలితకుమారి ముందుకు జరిగి, నెమ్మదిగా, రష్యన్‌లో మాట్లాడారు. తన పేరు చెప్పి రెండు ప్రశ్నలు అడిగారు: ఆ ఉద్యోగం పౌరులదా, సైనికులదా? ఒప్పందం ఏ రోజున ముగుస్తుంది?

ఏజెంటు ముఖం కదలలేదు. రష్యన్ స్త్రీ మాత్రం కళ్ళద్దాలు తీసి తెరకు దగ్గరగా వచ్చింది. ఒక్కొక్క వాక్యంగా జవాబు చెప్పింది. ఏజెంటు మధ్యలో అడ్డుపడబోతే చేయెత్తి ఆపింది. ఆమె మాట పూర్తికాగానే అతను కాల్ తెంచేశాడు.

లోహిత్ మామయ్య రామారావు ఆ వారం ఓడ మీద ఉన్నాడు. అడగడానికి మరో పెద్ద దిక్కు లేదు.

"ఏటందావిడ?" అన్నాడు లోహిత్.

"ఆమె మాటలు వరసగా చెప్తాను. తర్వాత నా మాట వేరుగా చెప్తాను" అన్నారు లలితకుమారి. "ఉద్యోగం సైనికులది. హోదా రియదవోయ్. పని తుపాకీ కాల్చేవాడిది. కొన్నాళ్ళు శిక్షణ ఇచ్చి యూనిట్‌కి పంపుతారు, ఏ యూనిట్‌కో ఆమెకు తెలియదు. కాగితం మీద ఏడాది. ఇప్పుడు మాత్రం యుద్ధం అంతా ముగిసినప్పుడే ఇంటికి పంపుతున్నారు. జీతం సక్రమంగా పడుతుంది. పౌరసత్వానికి మామూలు నిబంధనలు చాలా సడలించారు, అది నిజమే, ఇప్పటికే కొందరికి వచ్చింది."

ప్రణవ్ తలెత్తాడు. "అమ్మా, లాస్ట్ పార్ట్ ఎందుకు చెప్పావ్? వై యూ టెల్ హిమ్ దట్?"

"ఆమె చెప్పింది కాబట్టి."

లోహిత్ ఆమెనే చూస్తున్నాడు. "మా అమ్మ మీకు ఫోన్ చేసిందని తెలుసు అత్తయ్యా. ఏదో కల్పించి చెప్తారనే అనుకున్నాను. నన్ను ఆపాలనుకుంటే పౌరసత్వం మాట మింగేద్దురు."

"మింగితే మిగతా మాటలకు విలువ ఉండదు."

"మరి మీ మాట?"

"వెళ్ళవద్దు" అన్నారామె. కారణాలేవీ కలపలేదు.

ఏజెంటు రెండుసార్లు ఫోన్ చేశాడు; లోహిత్ ఎత్తలేదు. తర్వాత రావడం లేదని రాసి పంపి, ఆ నంబరును బ్లాక్ చేశాడు.

"గాజువాక వెళ్ళి ఏం చెయ్యను అత్తయ్యా?"

"నాకు తెలీదు నాన్నా. అది కూడా నిజమే చెప్తున్నాను."

ప్రణవ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సారీ బావా. మా క్యాంప్ లాగే అనుకున్నా. డేట్ ఉంటుంది, డేట్‌కి వదిలేస్తారు అనుకున్నా."

"నీ సార్జెంటు బుద్ధి నీది" అన్నాడు లోహిత్. నవ్వబోయి నవ్వలేకపోయాడు.

లలితకుమారి మనసు ఆ రష్యన్ స్త్రీ దగ్గరే ఉంది. తన భాషలో సూటిగా అడిగిన మనిషికి ఆమె సూటిగా జవాబిచ్చింది. అంతకుముందు అలా అడిగినవాళ్ళు లేరు కాబోలు. ఏజెంటు దగ్గర ఇంకా చాలామంది కుర్రవాళ్ళ నంబర్లు ఉంటాయి. ఆ ఫోన్లు మోగినప్పుడు కుర్రవాడి పక్కన కూర్చునేది ఎవరు?

"అతను నిన్ను ఒక్కణ్ణే పిలిచాడా?" అని అడిగారు.

"మా డిప్లొమా బ్యాచ్ యాకూబ్ కూడా ఉన్నాడు. బుధవారం వాడికి ఫ్లైటు. ఈ పని గురించి వాడికి చెప్పింది నేనే."

"వాడికి ఫోన్ చెయ్యి."

"మీరు మాట్లాడతారా?"

"ముందు నువ్వు చెప్పు. నేను చెప్పినట్టే, పౌరసత్వంతో సహా. అనుమానం వస్తే నాకు ఇవ్వు."

లోహిత్ నంబరు నొక్కి ఫోన్‌ను బల్ల మీద పెట్టాడు. లలితకుమారి పక్క కుర్చీలో కూర్చున్నారు. అయిదో రింగుకు గాజువాకలో యాకూబ్ ఎత్తాడు.