తులసికోట కింది కాలువ

కర్నూలు రాజధాని అయిన కొత్తలో, ఊళ్లోని వాననీటి కాలువలన్నిటికీ పటం గీసి పంపాలని మున్సిపాలిటీకి ఉత్తరువు వచ్చింది. బండలు కప్పిన కాలువలూ అందులో ఉండాలి. నీటికి అడ్డంగా ఏ కట్టడం ఉన్నా చూపాలి, తీసేయాలి. మా వారు అక్కడ ఓవర్సీరు. ఇంట్లోనే నాయన దగ్గర అక్షరాలు దిద్దుకున్నదాన్ని నేను. రోజూ నడిచే సందులు కాగితం మీద గీతలవుతుంటే అబ్బురంగా చూసేదాన్ని.

కనపడని కాలువ ఎటు పోతుందో కనుక్కోవడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. గడపలకు పూసే ఎర్ర జాజును నీళ్లలో కలిపి ఎగువన పోయించి, ఆ ఎరుపు తేలే చోటు వెతుక్కుంటూ దిగువకు నడిచేవారు. జాజు కలిపి ఇచ్చే భాగ్యం నాది.

మా ఇంటికి ఎగువన మగ్గాల వీధి. గట్టి వాన పడితే, నేసేవాళ్లు కాళ్లు దించుకుని కూర్చునే మగ్గం గుంటలు నీళ్లతో నిండేవి. అవి తోడి, గుంట ఆరేదాకా నేత లేదు. నేత లేకపోతే పొయ్యి వెలగదు. ఆ వీధిలో జాజునీళ్లు పోయిస్తుంటే ఒక నేతామె నవ్వింది.

"ఏమప్పా ఓవర్సీరూ, మా ఈదికి దిష్టి తీస్తాండావా? తియ్యి, శానా ఉండాది. వానొస్తే మా గుంటలో చేపలు పట్టుకోవచ్చు."

కాలువ కలిసే హంద్రి ఏటి ఒడ్డున ఎరుపు సన్నటి ధారగా మాత్రమే వచ్చింది. మిగతా నీళ్లు ఎగువకే తన్నుతున్నాయి. అడ్డు ఎక్కడో వెతుక్కుంటూ వచ్చిన ఆయన మా పెరట్లోనే ఆగిపోయారు. తులసికోట మొదట్లో, బండల సందుల్లోంచి ఎరుపు ఊరుతోంది.

ఆ కోట కాలం చేసిన మా మామగారు కట్టించింది. అప్పుడు మా వారు చదువుకని వేరే ఊళ్లో ఉన్నారు. పూజ చేసుకునే చోట మురికినీళ్లు కంటబడకూడదని మామగారు కాలువను బేతంచెర్ల బండలతో మూయించి, కోట బరువుకు అవి కుంగకుండా కాలువలోనే రాతికట్టు లేపించారట. భక్తితో చేసిన పనే. మా అత్తగారు ఆ తులసికి నీళ్లు పోయనిదే కాఫీ ముట్టేవారు కాదు.

ఆ సాయంత్రం ఆయన పటం పరుచుకుని కూర్చుంటే అత్తగారు పక్కన చేరారు.

"యాడికి పోతాండాదప్పా నీ గీత?"

"మన తులసి కిందికేమ్మా."

"గోడ పక్కన పోనీరాదా? ఎవురొచ్చి చూస్తారు? మీ నాయన కట్టిచ్చింది గదా."

"గీత పోతాదిమ్మా. నీళ్లు పోవు. వాళ్ల గుంటల్లోకే పోతాయి."

నేను మనసులోనే మంత్రాలయం స్వామిని తలుచుకున్నాను. మా వారు గీతను తిన్నగా మా పెరట్లోంచి తీసుకుపోయి, "అడ్డు: తులసికోట" అని రాసి, పక్కన సొంతదారుగా తన పేరే వేసుకున్నారు.

పొద్దున అత్తగారు తలంటుకుని తులసికి హారతి ఇచ్చారు. "నువ్వు రవ్వంత జరిగితే వాళ్లు నాలుగు మెతుకులు తింటారంటనమ్మా, జరుగు" అని, మన్ను రాలకుండా మొక్కను తానే తీసి బావి పక్కన నాటారు. కళ్లు తుడుచుకుని కొడుకు వైపు తిరిగారు.

"నిలబడి చూస్తాండావేమప్పా? గడ్డపార తే."

అలాంటి ఇంటికి నన్ను కోడలిని చేసినందుకు ఆ స్వామికి రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

మొదటి వాన గట్టిగానే పడింది. తెరిచిన కాలువలో నీళ్లు బిరబిరా దిగిపోతుంటే అత్తగారు కొంగు నెత్తిన కప్పుకుని పెరట్లో నిలబడ్డారు. ఎగువ వీధిలోంచి వానలో కలిసిపోతూ టకటకమని చప్పుడు.

"ఇంటాండావామ్మే?" అన్నారు. "మగ్గం ఆడతాండాది."