మణెమ్మకు ఇచ్చిన గోళీలు

ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. కొన్నేళ్లుగా ఇది నాతోపాటే ఆఫీసుకు వస్తుంది, భోజనం దగ్గర కూర్చుంటుంది. ముఖ్యంగా భోజనం దగ్గర. ఎందుకంటే ఆ వంట మణెమ్మది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

మాది కర్నూలు వైపు. ఇద్దరం ఐటీలోనే, కొండాపూర్‌లో ఉంటాం. మణెమ్మ చందానగర్ నుంచి వచ్చి వండిపెడుతుంది. ఆమె భర్త మా గేటు దగ్గరే సెక్యూరిటీ. ఒక ఏడాది వానాకాలంలో ఆమెకు మోకాళ్లు పట్టేశాయి. పొయ్యి దగ్గర నిలబడలేకపోయేది. నాగాలు మొదలయ్యాయి.

నాకు ఉబ్బసం. ఎక్కువైనప్పుడు డాక్టరు కొద్దిరోజులకు స్టెరాయిడ్ మాత్రలు రాస్తాడు. అవి పడితే ఒంట్లో ఏ నొప్పీ తెలియదని నా అనుభవం. మిగిలినవి మణెమ్మకు ఇచ్చాను, బలానికని చెప్పి. రెండు రోజుల్లో చకచకా తిరిగింది. అయిపోతే నా పాత చీటీ చూపించి మందుల షాపులో మళ్లీ కొన్నాను. జాలితో ఇస్తున్నాననుకున్నాను. జాలేనా? నాగా పెట్టకుండా వస్తే చాలనుకున్నాను. అదీ నిజమే.

కొన్నాళ్లకు నీరసమని దవాఖానకు వెళ్లింది. రక్తంలో తెల్లకణాలు ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువున్నాయన్నారు. ఒంట్లో ఎక్కడో ఇన్ఫెక్షన్ ఉండాలి, లేదంటే రక్తంలోనే పెద్ద జబ్బు కావచ్చు అన్నారట. మళ్లీ పరీక్ష చేసినా తగ్గలేదు. ఎలా తగ్గుతాయి? మాత్రలు వేసుకుంటూనే ఉంది కదా.

అది నాకు తెలుసు. అంతకుముందు నా రక్తంలోనూ అలాగే పెరిగితే డాక్టరు నవ్వి, స్టెరాయిడ్ వల్లేనని, ఆపాక దిగిపోతాయని చెప్పాడు. నాకు ఆ ఒక్క మాటతో సరిపోయింది.

పెద్ద దవాఖానకు వెళ్లే ముందు మణెమ్మ పప్పులో తాలింపు వేస్తూ అడిగింది.

"మేడం, ఏమేం మందులు వాడుతున్నవో అన్నీ చెప్పుమన్నరు. నువ్విచ్చిన గోళీల సంగతి గూడ చెప్పాల్నా?"

"అవెందుకు మణెమ్మా? బలానికి ఇచ్చినవే కదా. వాటికీ దీనికీ ఏం సంబంధం లేదు."

"గంతేనా! సరే తియ్యి మేడం. నువ్వు సదువుకున్నదానివి."

చెప్పమని ఉంటే ఏమయ్యేది? ఎవరిచ్చారని డాక్టరు అడిగేవాడు. భర్తకు తెలిసేది, గేటు దగ్గర నుంచి అపార్ట్‌మెంటంతా తెలిసేది. ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా నాకు అంతకుమించిన నష్టం కనిపించదు. ఆ కాస్త పరువు కోసం ఆమె తుంటి ఎముకలో సూది దింపనిచ్చాను. లోపలి మూలుగ తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా, పిల్లలను ఎవరి దగ్గర ఉంచాలా అని మొగుడూ పెళ్లాం మాట్లాడుకున్నారట.

ఆ మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు. అందుకని కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఆపించాను. అంత జాగ్రత్త తెలిసినదాన్నే. నోరు మాత్రం విప్పలేదు.

మూలుగలో జబ్బేమీ లేదన్నారు. కణాలూ దిగిపోయాయి. మణెమ్మ యాదగిరిగుట్టకు వెళ్లి తలనీలాలు ఇచ్చి వచ్చింది. నడుం దాటే జడ ఆమెది. గుండు మీద కొంగు కప్పుకుని, నా చేతిలో ప్రసాదం పెట్టింది.

"నర్సన్నే కాపాడిండు మేడం. నువ్వు గూడ నా గురించి ఎంత పరేషాన్ అయినవో నాకెర్కలేదా?"

కళ్లకద్దుకుని తిన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా తిన్నాను.

జుట్టు మళ్లీ వచ్చింది కానీ అంత పొడుగు రాలేదు. మోకాళ్లు ఇంకా నొస్తూనే ఉన్నాయి. స్టూలు వేశాను, కూర్చుని కూరలు తరుగుతుంది. నిజం చెబితే "పోనీ తియ్యి మేడం" అంటుందని నాకు తెలుసు. ఆ మాట వినలేకే చెప్పడం లేదని సర్దిచెప్పుకుంటాను. అదీ సాకే కావచ్చు.

ఇక్కడ రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అంతే. ఆ రోజు పొయ్యి దగ్గర ఆమెకు చెప్పాల్సిన జవాబు మాత్రం ఇది: చెప్పు మణెమ్మా, అన్నిటికంటే ముందు ఆ గోళీల సంగతే చెప్పు.