చారులో కరివేపాకు లేని ఆదివారం: లింబాయత్ డాబా మీద తోకల సీతాకోకచిలుకలు

ఈ ప్రయాణానికి కారణం ఒక తగాదా. 2021లో రెండో వేవ్ కాస్త తగ్గాక, మా హజీరా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక పెద్దమనిషి ‘రక్తం ఏదైతే రూపం అదే, అందుకే కులం దాటకూడదు, ఇది సైన్సు’ అని ఒక సందేశం పంపాడు. మాస్కు పెట్టుకోమంటే సైన్సును నమ్మని మనిషికి, పెళ్లిళ్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం సైన్సు గుర్తొస్తుంది! నేను ఊరుకుంటానా? ఒకే తల్లికి పుట్టిన ఆడపిల్లలు రెండు వేరే జాతుల్లా కనిపించే తోకల సీతాకోకచిలుక ఒకటుందని, అది మన కరివేపాకు మీదే పెరుగుతుందని రాశాను. ‘అయితే చూపించండి’ అన్నాడు. చూపిస్తానన్నాను.

కరివేపాకు కుండీ ఉన్న పరిచయస్తులందరికీ ఫోన్లు చేశాను. మా నగరానికి అటు చివర నేతపనివాళ్లుండే లింబాయత్‌లో పవర్‌లూమ్ నడిపే సత్తయ్య, అతని భార్య పద్మ నాకు మొదటి లాక్‌డౌన్‌లో బియ్యం పంచేటప్పుడు తెలిసినవాళ్లు. సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న కరివేపాకు మొక్క వాళ్ల డాబా మీద ఉంది. ఎర్ర మచ్చల సీతాకోకచిలుక ఒకటి దాని మీద గుడ్లు పెట్టడం పద్మ కళ్లారా చూసింది. ఇంకేదీ వాలకుండా వెంటనే కుండీ చుట్టూ నెట్ చీర ముక్క చుట్టి కుట్టేసింది. పురుగులు పుట్టి ఆకంతా నమిలేశాయి. సత్తయ్య పల్సానా నుంచి పురుగుమందు సీసా తెచ్చాడు. నేను ఫోన్లో చెప్పిన అక్కచెల్లెళ్ల కథ మీద భార్యాభర్తలకు అక్కడ పందెం పడింది. ఆ నెట్‌లోంచి వచ్చే ఆడవి రెండు తీర్లుగా ఉంటే సీసా వెనక్కి. ఒకే తీరుగా ఉంటే మొక్క మీద మందు, పద్మ పురుగుల పెంపకం బంద్. ఆగస్టులో ఒక శనివారం పద్మ ఫోన్ చేసింది. “అన్నా, గుల్లలు నల్లబడ్డయ్. లోపల రెక్కలు అవుపడుతున్నయ్. రేపు పొద్దుగాల్నే రా.”

ఆదివారం ఆరుంబావుకు హజీరాలో సిటీ బస్సు ఎక్కి, ఇంకో బస్సు మారి, స్టేషన్ దగ్గర దిగేసరికి ఏడున్నర అయింది. అక్కడి నుంచి షేర్ ఆటోకు ఇరవై రూపాయలు. “మాస్క్ ఉపర్ కరో, సాహెబ్” అని నన్ను గదమాయించిన డ్రైవర్ మాస్కు అతని గడ్డం కింద వేలాడుతోంది. మరి నీదో అంటే, “మారూ తో హవా ఖావా గయూ ఛే” అన్నాడు. తన మాస్కు గాలి తినడానికి వెళ్లిందట! నవ్వాపుకోలేకపోయాను. రైలు పట్టాల కింది దారిని ఇక్కడ గర్నాలా అంటారు. అందులో మోకాలి లోతు వాననీళ్లు. ఆటో ఆగిపోయింది. ప్యాంటు మడిచి నడిచాను.

డాబా మీద, నెట్ లోపల ఐదు ప్యూపాలు, పద్మ గుల్లలన్నవి. ఒక్కొక్కటి నడుముకు ఒక్క సన్నని దారం కట్టుకుని కొమ్మకు వాలి ఉంది. ఎనిమిదింబావుకు మొదటిది పగిలి, నలిగిన గుడ్డలాంటి రెక్కలతో బయటికొచ్చింది. రెక్కలు విచ్చుకున్నాక చూస్తే నలుపు మీద తెల్ల చుక్కల వరస. కాసేపటికి రెండోది, అచ్చం అలాగే.

“సూసినవా? రెండూ ఒక్క తీరే. సీసా మూత తియ్యాల్నా?” అన్నాడు సత్తయ్య.

“ఇంక మూడున్నయ్. ముందుగాల నీ నోటికి మూత పెట్టు” అంది పద్మ.

మూడోదాని రెక్కలు తెరుచుకుంటుంటే పద్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెనక రెక్క నడుమ తెల్ల మచ్చ, అంచుల్లో ఎర్ర చుక్కలు! “వచ్చింది, వచ్చింది!” అని చిన్నపిల్లలా గంతులేసింది. సత్తయ్య తగ్గలేదు. “నెమలి సూడుండ్రి. మొగదానికి ఒక తీరు, ఆడదానికి ఒక తీరు. గివి మొగయి, గది ఆడది. గిదేం గొప్ప?”

అసలైన ప్రశ్న! మా పెద్దమనిషికి జన్మలో తట్టని ప్రశ్న. భూతద్దం తీశాను. మగదానికి పొట్ట చివర, మూసిన దోసిలిలా రెండు రేకులుంటాయి. మొదటిదానికి ఉన్నాయి. రెండోదానికీ మూడోదానికీ లేవు. సాదా రెక్కల రెండోది ఆడదే, ఎర్ర చుక్కలదానికి సొంత అక్క. పద్మ గెలిచింది.

ఇక నా ఉపన్యాసం మొదలైంది. కామన్ రోజ్ అనే ఎర్ర చుక్కల సీతాకోకచిలుక గాడిదగడపాకు జాతి మొక్కలు తిని విషం ఒంటబట్టించుకుంటుంది. దాన్ని ఒకసారి నోట పెట్టిన పక్షి మళ్లీ ముట్టదు. మన డాబా మీది దాని పేరు కామన్ మార్మన్. అది తినేది కరివేపాకు, విషం లేదు. ఆడవాటిలో కొన్ని ఆ విషపు రోజ్ వేషం మాత్రం వేసుకుంటాయి. అందరూ అదే వేషం వేస్తే పక్షులు మోసం పసిగడతాయి గనక సాదావీ మిగిలాయి. ఇంతవరకూ బాగానే ఉంది. ఆ ఊపులో, “ఒక్కో మచ్చకు ఒక్కో జన్యువు, పోగు పోగు మార్చినట్టు” అనేశాను.

“తప్పు సార్” అన్నాడు సత్తయ్య. “పోగు పోగు మారిస్తే నడుమల సగం ఎరుపు, సగం సాదా పీసులు పడాలె. గట్ల ఒక్కటన్న పడ్డదా? గిది జాకార్డు, మగ్గం మీద డిజైను వేసే మిషిను. మగ్గం గదే, నూలు గదే. రంధ్రాల అట్టల దండ మార్చినవనుకో, డిజైను మొత్తం ఒక్కపారే మారుతది.”

నా పోగుల మాట వెనక్కి తీసుకున్నాను. శాస్త్రవేత్తలు తేల్చిందీ అదే. డబుల్‌సెక్స్ అనే ఒక్క జన్యువు ఇక్కడ అట్టల దండ. పురుగుల్లో ఆడ, మగ తేడా తీర్చడం దాని పాత పని. పరిణామం ఆ పాత పనిముట్టునే కొత్త పనికి పెట్టుకుంది. ఆ దండ మగవాటి లోపలా ఉండొచ్చు, కానీ పైకి కనబడదు. సగం సగం వేషం ఏ పక్షినీ మోసం చెయ్యలేదు. మగ్గం, నూలు తప్ప ఏం తెలుసని మా కాలనీ చిన్నచూపు చూసే మనిషి, నన్ను నిలబెట్టి జన్యుశాస్త్రం దిద్దాడు.

పదకొండుకు, ఇంకా పగలని రెండు గుల్లల్ని అలాగే ఉంచి, పద్మ నెట్ విప్పింది. మగది ముందు, అక్క తర్వాత, దాని వెనకే ఎర్ర చెల్లెలు, పక్క డాబా మీద ఆరేసిన చీరల పైనుంచి ఎగిరిపోయాయి. భోజనంలో చారు పోసుకుని సత్తయ్య గిన్నెలోకి తొంగిచూశాడు.

“ఏందే, కరివేపాకేది?”

“గిప్పుడే ఎగిరిపోయింది గదా, సూడలే?”

అతను పకపకా నవ్వి, కరివేపాకు లేని చారు రెండుసార్లు పోసుకున్నాడు. పల్సానాలో తిరిగిచ్చెయ్యడానికి సీసా సంచిలో పెట్టి, సంచి నా ఎదురుగానే తలుపు గొళ్లేనికి తగిలించాడు.

అక్కచెల్లెళ్ల ఫొటోలు గ్రూపులో పెట్టాను. చూసినవాళ్ల జాబితాలో పెద్దమనిషి పేరూ ఉంది. నాకది చాలు. ఏడాదిన్నరగా సాటి మనిషిని చూస్తే రెండడుగులు వెనక్కి వేసిన నేను, ఆ పొద్దుట ఇద్దరి మధ్య తల దూర్చి, ఊపిరి బిగబట్టి, ఒక పుట్టుక చూశాను. రక్తం గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఒక్క కుండీ ముందు ఒక్క పూట కూర్చుంటే చాలు. తల్లి ఒకటే, ఆకు ఒకటే, రూపాలు రెండు. దేని మీదా ఇది ఎక్కువ, అది తక్కువ అని రాసి లేదు.

వానాకాలంలో ఇలాంటి డాబా చూడబోయేవాళ్లకు ఒక్క సలహా: దారిలో ఒక కట్ట కరివేపాకు కొనుక్కెళ్లండి. దాన్ని పురుగులకు మాత్రం వెయ్యకండి. బజారు ఆకు మీద మందు ఉంటే చచ్చిపోతాయి. బాగా కడిగి పద్మ చేతికివ్వండి, సత్తయ్య చారుకు.